విండోస్ 11లో పాత ఐజీఐ ఆడించడం: నా అనుభవం

రాత్రి ప్రాజెక్ట్ ఐజీఐ మొదటి మిషన్ పూర్తిచేశాను. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో, ఎక్కడా ఆగకుండా. సంతోషం, కోపం రెండూ వేడిగా ఉండగానే రాసేస్తున్నాను.

2000లో నార్వేకి చెందిన ఇన్నర్‌లూప్ స్టూడియోస్ చేసిన ఆట ఇది. విజయనగరంలో ఆ రోజుల్లో నెట్ సెంటర్ల చుట్టూ తిరిగిన మా వయసు వాళ్లకి ఆటలో మనం నడిపించే హీరో డేవిడ్ జోన్స్ అంటే ఎవరో చెప్పనక్కర్లేదు. మిషన్ మధ్యలో సేవ్ ఉండదు. చివరి నిమిషంలో తూటా తగిలినా మళ్లీ మొదటినుంచే. ఇప్పుడు అడుగడుక్కీ సేవ్ ఇచ్చి పిల్లలకి ఓపిక లేకుండా చేసేశారు. మా బ్యాచ్‌లో ఎవరి సాయమూ లేకుండా ఆట మొత్తం ముగించినవాణ్ని నేనొక్కణ్నే. ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను.

డిస్క్ మా బావ దాచి ఉంచాడు. ల్యాప్‌టాప్‌కి సీడీ డ్రైవ్ లేదు కాబట్టి యూఎస్‌బీది కొన్నాను. ఇన్‌స్టాల్ మాత్రం ప్రోగ్రామ్ ఫైల్స్‌లో చేయకండి, సీ డ్రైవ్‌లో విడిగా ఫోల్డర్ పెట్టుకోండి. లేకపోతే సెట్టింగులు రాసుకోవడానికి విండోస్ అడ్డం పడుతుంది.

మెనూ బాగానే వచ్చింది. మిషన్ మొదలవగానే మొదలైంది అసలు బాధ. పెళ్లి ఆల్బమ్ పేజీలు తిప్పుతున్నట్టు ఒక్కో బొమ్మా ఆగి ఆగి వస్తోంది. మౌస్ ఇటు తిప్పితే కాసేపటికి జోన్స్ అటు చూస్తాడు. ప్రోగ్రామ్‌ని పాత విండోస్ ఎక్స్‌పీలో ఉన్నట్టు నడిపించే కంపాటబిలిటీ మోడ్ పెట్టినా అంతే.

మావాణ్ని వెంటబెట్టుకుని ఊళ్లో ఓ కంప్యూటర్ షాపుకి వెళ్లాను. అక్కడి కుర్రాడు స్క్రీన్ చూసి నవ్వేశాడు. "ఏటి సార్, ఇంకా ఇదే ఆడుతున్నారా? కొత్త సిస్టమ్‌లో ఇవి రావు. గ్రాఫిక్స్ కార్డున్న ల్యాప్‌టాప్ తీసుకోండి, మంచి ఆఫరుంది" అన్నాడు. పక్కన నిలబడ్డ కాలేజీ పిల్లలు కూడా నవ్వారు. మావాడు తల దించుకున్నాడు. పెంటియమ్ మెషీన్ల మీద ఆడిన ఆటకి ఇప్పటి ల్యాప్‌టాప్ బలం చాలదా అని అడిగితే జవాబు లేదు. "చూస్తాను, ఉంచి వెళ్లండి" అన్నాడు. సాయంత్రం వెళ్తే ఐదొందలు తీసుకున్నాడు. ఇంటికొచ్చి చూస్తే నా ఇన్‌స్టాలేషన్ తీసేసి, ఎక్కడిదో క్రాక్ చేసిన కాపీ పెట్టాడు. అది ఆడడానికి విండోస్ సెక్యూరిటీ కూడా ఆపేశాడు! అదే ల్యాప్‌టాప్‌లో మా ఆవిడ బ్యాంకు పనులు చేసుకుంటుంది. తెలియకపోతే తెలియదని చెప్పడానికి ఏం పోయింది? ఆట అప్పుడూ నత్తనడకే. మీ ల్యాప్‌టాప్ ఎవరి చేతికైనా ఇచ్చి వచ్చారంటే, ఇంటికి రాగానే ముందు సెక్యూరిటీ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

ఆ కాపీ పీకేసి, స్కాన్ చేసి, డిస్క్ నుంచి మళ్లీ ఇన్‌స్టాల్ చేసి నేనే కూర్చున్నాను. తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు. ఆ కాలం ఆటలు చాలావరకు 16 బిట్ రంగుల డిస్‌ప్లే మోడ్‌లు అడుగుతాయి. విండోస్ 8 నుంచి వాటిని నేరుగా ఇవ్వడం లేదు, అనుకరించి నెట్టుకొస్తోంది. దీనికి డీజీవూడూ 2 అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. ఆటలు బొమ్మలు గీయించుకోవడానికి విండోస్‌లో వాడుకునే భాగం డైరెక్ట్‌ఎక్స్. పాత డైరెక్ట్‌ఎక్స్ పిలుపులను ఇది డైరెక్ట్‌ఎక్స్ 11 లేదా 12కి మార్చి ఇస్తుంది. చేసినాయన సొంత పేజీ నుంచే దించుకోండి. అందులో ఎంఎస్ ఫోల్డర్, దానిలో ఎక్స్86 ఫోల్డర్ ఉంటాయి. అక్కడున్న డీడ్రా, డీ3డీఇమ్ అనే రెండు డీఎల్ఎల్ ఫైళ్లను ఆట ఎగ్జిక్యూటబుల్ (ఆటను తెరిచే ఫైల్) ఉన్న చోటే పెట్టాలి. విండోస్ 64 బిట్ అయినా ఆట 32 బిట్‌ది కాబట్టి ఎక్స్86 ఫైళ్లే కావాలి. డీజీవూడూ కంట్రోల్ ప్యానెల్ ఫైల్ కూడా అక్కడే పెట్టి తెరిచి, స్కేలింగ్‌లో యాస్పెక్ట్ రేషియో (బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) మారకుండా ఉండేది ఎంచుకుంటే మనుషులు అడ్డంగా సాగిపోరు. డైరెక్ట్‌ఎక్స్ ట్యాబ్‌లో వాటర్‌మార్క్ టిక్ తీసేస్తే మూలనున్న గుర్తు పోతుంది.

అంతే. బైనాక్యులర్ తీసి బేస్ చూస్తుంటే చూపు నీళ్లలా జారింది. గ్రాఫిక్స్ కార్డు లేదు, ఏమీ లేదు.

ఇప్పుడు మావాడు ఆడుతున్నాడు, వాచ్‌టవర్ దగ్గరే చచ్చిపోతున్నాడు. సోమవారం షాపు తెరవగానే ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి, అదే కౌంటర్ మీద ఆడి చూపించి, ఐదొందలు వెనక్కి అడుగుతాను.