ఎండ లేని ఎవుసం

దుబాయిలో నా డ్యూటీ గులాబీ రంగు గదిలో. కిటికీ లేదు, మట్టి లేదు. ఒకదాని మీద ఒకటి ఆరు అరలు, ప్రతి అరకూ పైన ఎల్‌ఈడీ పట్టీలు, కింద నీళ్లలోకి వేళ్లు వదిలిన లెట్యూస్ అనే సలాడ్ ఆకు మొక్కలు.

జగిత్యాల దగ్గర రెండెకరాలు చేసినవాణ్ని, ఆకుల పని నాకో లెక్కా అనుకున్నాను. వారంలోనే ఆ పొగరు దిగింది. రైతు మొక్కను చదివేది రంగును బట్టి. కింది ఆకు పసుపెక్కితే యూరియా, వరి ఆకు మీద తుప్పు మచ్చలొస్తే జింకు. ఇక్కడ ఆ చదువు చెల్లదు. ఈ లైట్లలో ఉండేది రెండే రంగులు: అల పొడవు 660 నానోమీటర్ల ఎరుపు, 450 దగ్గరి నీలం. మొక్క వాటినే బాగా తాగుతుంది. ఆకు మన కంటికి తిప్పి పంపేది ఆకుపచ్చ వెలుగు. గదిలో ఆ వెలుగే లేకపోతే ఇంక పచ్చదనం ఎక్కడిది? మంచి ఆకూ చెడ్డ ఆకూ రెండూ నల్లగానే.

ఒకసారి అర మొత్తం లేతాకుల అంచులు మాడిపోయినా నాకు తెలియలేదు. మలయాళీ సూపర్‌వైజర్ తెల్ల టార్చి కొట్టి చూపించాడు. ఎరువు తగ్గిందేమో అన్నాను. నవ్వాడు. నీళ్లలో కాల్షియం ఉంది, లోపలి ఆకులకు గాలి ఆడటం లేదు. ఆకు నుంచి నీరు ఆవిరైతేనే కింది నుంచి కాల్షియం పైకెక్కుతుందట. మందు ఏమిటంటే ఫ్యాను. ఫ్యాను తిప్పి పంటను బాగుచేసినవాడు మా వంశంలో నేనొక్కడినే.

కొత్త హాల్లో తెల్ల ఎల్‌ఈడీలు పెట్టారు, అక్కడ ఆకు ఆకులాగే కనిపిస్తుంది. గులాబీ గదిలో డ్యూటీ దిగి బయటికొస్తే మాత్రం, గులాబీకి అలిసిన కంటికి కాసేపు ఇసుక కూడా ఆకుపచ్చగా కనిపిస్తుంది.

సెలవురోజు నాయనకు ఫోన్లో ఫొటోలు చూపించాను.

"ఎండ లేకుండ ఎవుసమేందిరా? వరి పెడుతరా?"

"లేదు నాయనా. రోజుకు 16 గంటలు లైట్లు, ఆ వేడి తియ్యనీకి మళ్ల ఏసీ. వరి పెడితే కిలో బియ్యం బంగారమైతది. నెలకు కోతకొచ్చే ఆకులే గిట్టుబాటైతయ్."

నాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"మన మోటరుకు కరెంటు ఫ్రీనే గదరా?"