గౌలిగూడ నుంచి గుల్జార్ హౌజ్ దాకా

హైదరాబాద్ గౌలిగూడలోని మన బడి గేటు దాటితే అఫ్జల్‌గంజ్ ఎంత దూరమని! నడిచినా పది నిమిషాలు. అయినా తొమ్మిదో తరగతికి వచ్చేదాకా నాకు ఆ దారి బస్సు కిటికీలోంచి తప్ప తెలియదు. తెలిసేలా చేసింది మన సోషల్ సార్.

నెలకొక శనివారం, ఒంటిపూట బడి అయిపోయాక, రావాలనుకున్నవాళ్లను వెంటబెట్టుకుని బయలుదేరేవారు. ఒకసారికి ఒకటే వీధి, అంతకు మించి చూపించేవారు కాదు. "అన్నీ ఒకేరోజు చూస్తే ఏదీ గుర్తుండదు బిడ్డా" అనేవారు.

మొదటిసారి ఉస్మానియా ఆసుపత్రి దాకానే వెళ్లాం. గుమ్మటాలు చూపిస్తారనుకుంటే, ఆవరణలోని చింతచెట్టు కింద నిలబెట్టారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాదాపు నూటయాభై మంది ఈ కొమ్మలు పట్టుకునే ప్రాణాలు దక్కించుకున్నారని చెప్పారు. అప్పటిదాకా గోల చేస్తున్న మేమంతా గమ్మున తలెత్తి చూశాం. ఆ వరద తర్వాతే మూసీకి అడ్డంగా గండిపేట, దాని ఉపనది ఈసీకి అడ్డంగా హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారని ఆ చెట్టు కిందే విన్నాను. పరీక్షలో రాసింది మరిచిపోయాను కానీ ఇది మరిచిపోలేదు.

తర్వాతి నెల సుల్తాన్ బజార్. చీరల దుకాణాల సందడి దాటుకుని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయానికి వెళ్లాం. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకు ఆదరణ లేని రోజుల్లో, 1901లో, రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో మొదలైన గ్రంథాలయం అది. కొమర్రాజు లక్ష్మణరావు గారి వంటి పెద్దలు దాని వెనక ఉన్నారు. తెలుగు మీడియం పిల్లలమని లోలోపల కొంచెం చిన్నబోయే మాకు ఆ గదిలో కూర్చున్నాక వెన్ను నిటారైంది. నా వరకైతే ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం.

ఇక పాతబస్తీ. నయాపూల్ దాటి, మదీనా మీదుగా, పత్తర్‌గట్టీ రాతి కమాన్ల నీడలో నడిచి గుల్జార్ హౌజ్ అనే పాత ఫౌంటెన్ దగ్గరికి చేరాం. సార్ మమ్మల్ని దాని చుట్టూ నిలబెట్టి నాలుగు వైపులా చూడమన్నారు. ఎటు చూసినా ఒక కమాను. దక్షిణం వైపు కమానులోంచి 1591 నాటి చార్మినార్. ఊరి మధ్య ఎందుకు కట్టారో, రోడ్లు అక్కణ్నుంచే ఎందుకు మొదలయ్యాయో మ్యాపు లేకుండానే అర్థమైంది.

చార్మినార్ పక్కనున్న గాజుల అంగళ్ల వీధి లాడ్ బజార్‌కు మాత్రం ఒక నెల చాల్లేదు, రెండుసార్లు వెళ్లాం. వెనక సందులో ఒక ముసలాయన బొగ్గుల కుంపటి ముందు కూర్చుని లక్క గాజులు చేస్తున్నాడు. మెత్తబడ్డ లక్కను చేత్తో దొర్లించి కడ్డీలా సాగదీసి, రంగు లక్క పూసి, గుండ్రంగా వంచి రెండు కొసలు అతికించాడు. తర్వాత దాన్ని కర్ర అచ్చుకు తొడిగి కొలత సరిచేశాడు. వేడి తగ్గకముందే చిన్న చిన్న రాళ్లు ఒక్కొక్కటీ పట్టి లోపలికి నొక్కుతున్నాడు. నేను వంగి చూస్తుంటే, "జర దూరం ఉండు బేటా, కాలుతది" అన్నాడు. ఆయన వేళ్ల చివర్లు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. మరుసటి నెల అక్క పాత గాజు ఒకటి కొలతకు పట్టుకెళ్లి, దాచుకున్న డబ్బుతో జత చేయించాను. ఆకుపచ్చ లక్క, తెల్ల రాళ్లు.

మన గౌలిగూడ గుర్తయిన ఆ రేకుల గుమ్మటం బస్టాండు 2018లో కూలిపోయిందని విన్నప్పుడు బడిలో ఒక గది పడిపోయినట్టు అనిపించింది. ఇప్పుడు ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దగ్గర మెట్రో దిగొచ్చు. చార్మినార్ చుట్టూ బండ్లు ఆపేశారు కాబట్టి పిల్లల చెయ్యి వదిలేసి నడవొచ్చు, ఇది ఎంతో మేలు.

పోయిన ఏడాది మా అమ్మాయిని తీసుకెళ్లాను. గుల్జార్ హౌజ్ దగ్గర నిలబెట్టి నాలుగు వైపులా చూడమన్నాను. "ఇంకేం చూద్దాం నాన్నా?" అంది. ఈ నెలకు ఇంతే అన్నాను. ఇరానీ చాయ్ తాగి, ఉస్మానియా బిస్కెట్ల పొట్లం పట్టుకుని, వచ్చిన దారినే నయాపూల్ మీదుగా నడుచుకుంటూ వెనక్కి వచ్చాం.