ముందు తల్లిని చూపించండి

ఆదివారం. కాఫీ తాగుతూనే ఫోన్లు మొదలుపెట్టాను. ల్యాబ్రడార్, పూడుల్ కలిసిన కుక్కపిల్లను తెచ్చుకుందామని ఇంట్లో అనుకుని చాలా రోజులైంది. కుక్కపిల్లలకేమీ కొరత లేదు. ఎవరిని అడిగినా ఉన్నాయంటారు, ఈ రోజే వచ్చి తీసుకెళ్లమంటారు. ఆ పిల్లల తల్లిదండ్రుల గురించి నాలుగు ప్రశ్నలు వేస్తే ఓపికగా జవాబు చెప్పే బ్రీడర్ దొరకడమే గగనమైపోయింది.

ఒకాయన మగదా ఆడదా, ఏ రంగు అని అడిగి, వెంటనే అడ్వాన్సు దగ్గరికి వచ్చేశాడు. తల్లిని చూడవచ్చా అంటే "తల్లి ఇప్పుడు ఊళ్లో లేదండీ" అన్నాడు. పాలు తాగే పిల్లలను వదిలేసి కుక్క ఊరెళ్లిందట! ఏ పని మీద వెళ్లిందో అడగాలనిపించింది గానీ, మర్యాదగా ఫోను పెట్టేశాను. ఇంకొకాయన ఇంటికి రావద్దన్నాడు, దారిలో ఎక్కడైనా కలిస్తే పిల్లను చేతికిస్తాడట. మూడో మనిషి తన పిల్లలకు "పేపర్లు" ఉన్నాయని గట్టిగా చెప్పాడు. కెన్నెల్ క్లబ్బులు నమోదు చేసేది శుద్ధజాతులను. తల్లికీ తండ్రికీ విడివిడిగా పత్రాలు ఉండవచ్చు గానీ, ఆ రెండూ కలిసిన పిల్లకు వంశపత్రం ఎక్కడి నుంచి వస్తుంది? ఎవరు ఇచ్చారని అడిగితే నీళ్లు నమిలాడు.

వీళ్లందరూ తప్పకుండా చెప్పే మాట ఒకటుంది. "క్రాస్ కదండీ, జబ్బులే రావు." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఇందులో కొంత నిజం ఉంది కాబట్టే ఇంతగా చెల్లుబాటవుతోంది. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లోని పశువైద్యులు, వంశపారంపర్య జబ్బులు ఉన్న 27 వేలకు పైగా కుక్కల రికార్డులు తిరగేసి 24 జబ్బులను పోల్చి చూశారు. పది జబ్బులు శుద్ధజాతుల్లో ఎక్కువగా కనిపించాయి. మోకాలి లిగమెంటు తెగడం ఒక్కటి సంకరజాతుల్లో ఎక్కువ. మిగతా పదమూడింటిలో తేడా లేదు, ల్యాబ్రడార్లను కుంటివాళ్లను చేసే తుంటి కీలు జబ్బు ఆ పదమూడింటిలోదే. అంటే తల్లికి, తండ్రికి తుంటి ఎక్స్‌రే తీయించాల్సిన అవసరం ఎక్కడికీ పోలేదన్నమాట.

కంటి సంగతి మరీ స్పష్టం. ప్రోగ్రెసివ్ రెటినల్ అట్రోఫీ అనే జబ్బులో మొదట చీకట్లో చూపు మందగిస్తుంది, చివరికి పూర్తిగా పోతుంది. నయం చేసే మందు లేదు. ఆ జబ్బులో ఒక రకానికి కారణమైన జన్యులోపం ల్యాబ్రడార్లలోనూ ఉంది, పూడుళ్లలోనూ ఉంది. లోపాన్ని మోస్తున్న తల్లి, మోస్తున్న తండ్రి పైకి నిక్షేపంలా కనిపిస్తాయి. రెండింటినీ జత కట్టిస్తే పుట్టే ప్రతి పిల్లకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. జాతులు వేరు కదా అని జన్యువులు మొహమాటపడవు. రెండింటిలో ఒక్కదానికి లోపం లేదని తేలినా చాలు, పిల్లలకు ఆ గుడ్డితనం రాదు. బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది ప్రయోగశాలకు పంపితే తెలిసిపోయే విషయం. అంత చిన్న పని కూడా చేయించని మనిషి, పిల్ల మెడకు రిబ్బను కట్టి ఫొటోలు మాత్రం తీరిగ్గా తీస్తాడు.

పదకొండింటికి మాట్లాడిన ఆవిడ వేరే రకం. నేను అడగబోయేలోపే తను మొదలుపెట్టారు. పగలు ఇంట్లో ఎవరుంటారు? ఇంతకుముందు కుక్కను పెంచారా, అది ఎలా పోయింది? ఇల్లు సొంతమా, అద్దెదా? అద్దెదైతే యజమాని ఒప్పుకున్నారా? ఈ బొచ్చును రోజూ దువ్వకపోతే చర్మం దాకా జడలు కడుతుంది, ఎవరు దువ్వుతారు? పెళ్లిచూపుల్లో కూడా నన్ను ఇన్ని అడగలేదు. ఇంట్లో ఎవరికైనా అలర్జీ ఉందా అని అడిగినప్పుడు మావారి తుమ్ముల సంగతి చెప్పాను. "అయితే ఆయన్ను తప్పకుండా తీసుకురండమ్మా, పిల్లల్ని చూడటానికి కాదు, పెద్ద కుక్క పక్కన కూర్చోవడానికి" అన్నారు.

మధ్యాహ్నం ముగ్గురం వెళ్లాం. పిల్లలున్నది వెనకెక్కడో షెడ్డులో అనుకున్నాను, తీరా చూస్తే నట్టింట్లోనే. ఐదు వారాల పిల్లలు. ఒక మూల చాప, ఒక మూల నున్నటి గచ్చు, గుమ్మం అవతల గడ్డి. కాళ్లకు అన్ని రకాల నేలలూ అలవాటు కావాలని అలా పెట్టారట. మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా కుక్కపిల్ల చూసిందీ విన్నదీ దాని జన్మంతా వెంట ఉంటుంది. అందులో సగం కాలం బ్రీడర్ ఇంట్లోనే గడిచిపోతుంది. మేం మాట్లాడుతుండగా వంటింట్లో ఎవరి చేతిలోంచో స్టీలు మూత జారి పడింది. పిల్లలన్నీ ఒక్కసారి అదిరిపడి చాప మీదికి పరుగెత్తాయి. రెండు క్షణాలు ఆగి, వాటిలో నల్లది తిరిగి గుమ్మం దాకా వచ్చి మెడ సాచి వాసన చూసింది. దాని వెనక మిగతావీ వచ్చాయి. అదరడం సహజం, తిరిగి వచ్చాయా లేదా అన్నదే చూడాలని మా పశువైద్యుడు ముందే చెప్పి పంపారు.

తల్లి పసుపు రంగు ల్యాబ్రడార్. వచ్చి నా చెయ్యి వాసన చూసి పక్కన కూలబడింది. పొదుగు దగ్గర చర్మం మీద పిల్లల గోళ్లు గీరిన ఎర్రటి చారలు ఉన్నాయి. ఒక పిల్ల పాలపళ్లతో పట్టి లాగితే చిరాగ్గా లేచి వెళ్లిపోయింది. ఆవిడ ఫైలు తీసి ముందు పెట్టారు. నాలుగేళ్లు, రెండో ఈత. తుంటి ఎక్స్‌రే మీద మైక్రోచిప్ నంబరు రాసి ఉంది. నేను అడగకుండానే చేతిలో ఇమిడే చిన్న రీడరు తెచ్చి తల్లి మెడ మీద, భుజాల మధ్య పెట్టారు. పీ అని శబ్దం, పదిహేను అంకెలు. కాగితం మీది నంబరుతో ఒక్కొక్క అంకె కలిపి చూసుకోమన్నారు. ఎవరి కుక్క ఎక్స్‌రేనో చూపించి ఎవరి పిల్లలనో అంటగట్టే వాళ్లున్నారట. పరీక్ష తేదీ కూడా చూశాను. ఆర్థోపెడిక్ ఫౌండేషన్ ఫర్ యానిమల్స్ వంటి సంస్థ తుంటికి తుది గ్రేడు ఇచ్చేది 24 నెలలు నిండాకే. ఏడాది వయసుకే ఈనిన తల్లి దగ్గర ఆ కాగితం ఉండే ప్రసక్తే లేదు. ఈ తల్లి పరీక్ష మొదటి ఈతకు ముందే జరిగింది.

కిందటి ఈతలో పుట్టినవాటిలో ఆవిడ తన దగ్గరే ఉంచుకున్న ఆడకుక్క పక్కన మావారిని కూర్చోబెట్టారు. అది చెయ్యంతా నాకింది. అలర్జీ తెప్పించేది వెంట్రుక కాదు, లాలాజలంలోనూ చర్మపు పొట్టులోనూ ఉండే ప్రొటీన్లు. వెంట్రుకలు రాలని కుక్కయినా నాకకుండా ఉండదు కదా. గంటసేపు కూర్చున్నా ఆయనకు తుమ్ము రాలేదు. "ఇది పడింది, అంతే. దీని చెల్లెలు పడుతుందని నేను హామీ ఇవ్వలేను" అన్నారావిడ. ఈ సంకరానికి పేరు తెచ్చిన కథ కూడా అదే చెబుతుంది. 1989లో ఆస్ట్రేలియాలో గైడ్ కుక్కల సంస్థలో పనిచేసే వాలీ కాన్రన్, హవాయిలోని ఒక అంధురాలి కోసం ల్యాబ్రడార్‌ను, పూడుల్‌ను జత కట్టించారు. ఆమె భర్తకు కుక్కలు పడవు. పుట్టినవి మూడు పిల్లలు. వాటి వెంట్రుకలు, లాలాజలం హవాయికి పంపి చూస్తే ఆయనకు పడింది ఒక్కదానిదే. మిగతా రెండింటినీ పెంచడానికి ఎవరూ ముందుకు రాకపోతే, కాన్రన్ ల్యాబ్రడూడుల్ అనే పేరు తగిలించారు. ఆ తర్వాత గిరాకీ మొదలై ఈ రోజు దాకా ఆగలేదు. ఎవరు పడితే వారు పుట్టించి అమ్ముకుంటున్నారని ఆయనే తర్వాత బాహాటంగా బాధపడ్డారు.

బయల్దేరే ముందు ఆవిడ ఇంకో కాగితం తీశారు. తండ్రి పూడుల్ వేరే ఇంట్లో ఉంటుంది. తుంటి, కళ్లు బాగానే ఉన్నాయి. జత కట్టించాక తీసిన మోచేయి ఎక్స్‌రేలో మాత్రం ఎడమ వైపు గ్రేడు 1 వచ్చింది. సున్నా నుంచి మూడు దాకా ఉండే కొలతలో అది తక్కువే, అయినా లోపం లోపమే. "ఈ పిల్లలు కావాలన్న అందరికీ ఫోను చేసి చెప్పాను. ఒకరు వద్దన్నారు. అందుకే ఆ నల్లది మిగిలింది. తండ్రిని ఇక వాడను." మోచేతుల జబ్బు ల్యాబ్రడార్లలో తెలిసిందే కాబట్టి ఆ ఎక్స్‌రే ముందే తీయించాల్సిందని నాకనిపించింది, పైకి అన్నాను కూడా. ఆవిడ కాదనలేదు. "పూడుళ్లకు సాధారణంగా అడగరని వదిలేశానమ్మా" అన్నారు. పొద్దుటి నుంచి మాట్లాడినవాళ్లలో తన కుక్కలో ఒక లోపం ఉందని చెప్పింది ఈవిడ ఒక్కరే. నా నమ్మకం కుదిరింది అక్కడే. వింత ఏమిటంటే, ఆ నమ్మకం వల్లే నల్లదాన్ని తీసుకోలేకపోయాను.

మా అబ్బాయి అప్పటికే దానికి పేరు కూడా పెట్టేశాడు. కారులో ఒక్క మాట మాట్లాడలేదు. మోచేయి గురించి చెబితే "అది ఇప్పుడు కుంటడం లేదుగా" అన్నాడు. ఆ వయసులో అంతకంటే మంచి వాదన నేనూ చేయలేను. గ్రేడు 1 ఉన్న తండ్రికి పుట్టిన పిల్లలన్నీ కుంటవు, నిజమే. కానీ మా ఇంటికి రెండంతస్తుల మెట్లు. ఎదిగాక పాతిక కిలోలు దాటే కుక్కను ఎత్తుకుని ఎక్కించేది మావారు కాదు, నేను.

తల్లికి ఒక ఎద వదిలేసి, ఆ తర్వాతే వేరే తండ్రితో జత కట్టిస్తారట. గర్భం రెండు నెలలు, పిల్లలు ఎనిమిది వారాలు తల్లి దగ్గరే. అన్నీ కలిపి ఏడాది దాకా పడుతుంది. "ఏడాదా?" అన్నారు మావారు. ఏడాదే. అడ్వాన్సు ఇవ్వబోతే తీసుకోలేదు, కొత్త తండ్రి పరీక్షలు చూశాక ఇవ్వమన్నారు. ఒప్పందం నమూనా మాత్రం ఇచ్చారు. ఏ కారణం వల్లనైనా, ఎన్నేళ్ల తర్వాతనైనా కుక్కను ఉంచుకోలేకపోతే ఆవిడకే తిరిగి ఇవ్వాలి, వేరెవరికీ ఇవ్వకూడదు. ఇంటికొచ్చి దాని రెండో పేజీలోని ఫారం నింపుతున్నాను. మొదటి ఏడు ప్రశ్నలు సులువుగానే అయిపోయాయి. ఎనిమిదోది గేటు కింద ఎంత ఖాళీ ఉందని. టేపు పట్టుకెళ్లి కొలిస్తే పిల్ల తల దూరేంత ఉంది. రేపు వెల్డింగు అతనికి ఫోను చేయాలి.