వెతికితే దొరికింది, అడిగితే చెప్పలేదు

పోయిన వేసవిలో ఊరెళ్ళినప్పుడు మా గ్రంథాలయం మాస్టారు యాక్సెషన్ రిజిస్టరు (చేరిన పుస్తకాలకి నంబర్లు వేసి రాసుకునే పుస్తకం) తెచ్చి నా ముందు పెట్టారు. "పేరు కొడితే ఏ బీరువాలో ఉందో చెప్పాలమ్మా, అంతే" అన్నారు. 3,200 పైచిలుకు పుస్తకాలు. ఇద్దరు ఇంటర్ పిల్లలు నెల రోజులు కూర్చుని అన్నీ ఎక్సెల్‌లోకి ఎక్కించారు. వ్యాస సంపుటాలకైతే విషయసూచిక కూడా టైపు చేశారు పాపం. నా ఉద్యోగం జావాలోనే కాబట్టి లూసీన్ అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్ తీసుకున్నాను. తెలుగు మాటల్ని వెతకడానికి వీలుగా విడదీసే తెలుగు ఎనలైజర్ అందులోనే ఉంది.

మొదటి రోజు సాయంత్రం మాస్టారు పక్కన నిలబడి ఉండగా "వేమన" అని కొట్టాను. 14 పుస్తకాలు వచ్చాయి. పేర్లు చక్కగా కనిపిస్తున్నాయి. బీరువా అన్న చోట మాత్రం పద్నాలుగు వరుసల్లోనూ "నల్", అంటే విలువ లేదని. విచిత్రమేమిటంటే, బీరువా నంబరు 7 అని వెతికితే ఆ బీరువాలోని పుస్తకాలన్నీ వస్తున్నాయి. అంటే లూసీన్‌కి బీరువా తెలుసు, కానీ చెప్పడం లేదు.

కారణం ఒక్క మాట. ఒక్కో పుస్తకం లూసీన్‌కి ఒక డాక్యుమెంట్, అందులోని ఒక్కో వివరం ఒక ఫీల్డ్. బీరువాని స్ట్రింగ్‌ఫీల్డ్‌గా పెట్టినప్పుడు ఫీల్డ్.స్టోర్.నో, అంటే విలువ దాచొద్దు, అని రాశాను. వెతకడానికి పనికొచ్చే ఇండెక్స్ వేరు, తిరిగి చూపించడానికి దాచుకునే విలువ వేరు. పుస్తకం చివర పదసూచిక ఉంటుంది చూడండి, ఏ మాట ఏ పేజీలో ఉందో అది చెబుతుంది. పేజీలు చింపేసి సూచికొక్కటే చేతిలో పెడితే ఆ పేజీ చదవగలమా? స్టోర్.యెస్, అంటే దాచు, అని రాస్తేనే పేజీ కూడా ఉంటుంది. నాకు బాధ కలిగించిందల్లా, విలువ అడిగే డాక్.గెట్ ఏ ఎర్రరూ ఇవ్వదు. ఆ పేరుతో ఫీల్డే లేకపోయినా నల్, ఉండి దాచకపోయినా నల్.

ప్రచురణ సంవత్సరం దగ్గర మళ్ళీ అదే. ఇంట్‌పాయింట్ (సంఖ్యల కోసం ఉన్న ఫీల్డ్) పెడితే 1950 నుంచి 1960 దాకా అని వెతకొచ్చు, విలువ మాత్రం తిరిగి రాదు. దానికి స్టోర్ అనే ఆప్షనే లేదు. విలువ కోసం ఒక స్టోర్డ్‌ఫీల్డ్ విడిగా కలపాలి. నేను దానికి వేరే పేరు పెట్టాను.

ఫలితాలు చదివే పద్ధతి కూడా కొంచెం మారింది. సెర్చ్ చేస్తే టాప్‌డాక్స్ అనే ఫలితాల జాబితా వస్తుంది. అందులోని ఒక్కో స్కోర్‌డాక్‌లో ముఖ్యంగా ఉండేవి లూసీన్ వేసుకునే డాక్ నంబరూ, ఎంత బాగా సరిపోయిందో చెప్పే స్కోరూ. పాత పాఠాల్లో ఆ నంబరుని సెర్చర్.డాక్‌కి ఇచ్చేవాళ్ళు. లూసీన్ 9.5 వెర్షన్ నుంచి సెర్చర్.స్టోర్డ్‌ఫీల్డ్స్().డాక్యుమెంట్(నంబరు) అని రాయాలి, 10లో పాతది తీసేశారు. ఆ నంబరుని ఎక్కడా రాసి పెట్టుకోకండి. ఇండెక్స్‌లోని ముక్కలు (సెగ్మెంట్లు) కలిసినప్పుడు మారిపోతుంది. మన సొంత గుర్తు ఒకటి ఉండాలి. నాకది యాక్సెషన్ నంబరు.

ఇంతవరకూ సర్దుకున్నాను. అసలు దెబ్బ తర్వాత తగిలింది. ఒక రచయిత ఇంటిపేరు 40 పుస్తకాల్లో తప్పు పడింది. వెతికి, ఒక్కో డాక్యుమెంట్ తీసి, పేరు దిద్ది, అప్‌డేట్‌డాక్యుమెంట్‌తో తిరిగి పెట్టేశాను. అయిదు నిమిషాల పని. మర్నాడు మాస్టారు ఫోన్ చేశారు. "అమ్మా, అట్లతద్ది మీద వ్యాసం ఉన్న పుస్తకం నిన్న వచ్చింది, ఇవాళ రావట్లేదు."

విషయసూచిక పొడుగ్గా ఉంటుంది, చూపించాల్సిన పని లేదని దానికి స్టోర్.నో పెట్టాను. సెర్చ్ నుంచి తిరిగొచ్చిన డాక్యుమెంట్‌లో అది లేదు. అప్‌డేట్ అంటే లూసీన్ చేసేది పాతదాన్ని తీసేసి కొత్తదాన్ని పెట్టడం. కాబట్టి 40 పుస్తకాల విషయసూచికలూ నా చేత్తో నేనే చెరిపేశాను. సంవత్సరం విలువగా కనిపిస్తోంది గానీ దాని ఇంట్‌పాయింట్ కూడా పోయింది. సంవత్సరాల మధ్య వెతికితే ఆ పుస్తకాలు రాలేదు. తిరిగొచ్చిన డాక్యుమెంట్ మనం ఇచ్చిన డాక్యుమెంట్ కాదు. చూడ్డానికి అదే క్లాసు, అదే పేరు, అందుకే నమ్మేస్తాం. ఆ క్లాసుకి వేరే పేరు పెట్టి ఉంటే ఎంతమందికి మేలు జరిగేదో అని నేను నిజంగానే అనుకుంటున్నాను.

ఎక్సెల్ ఫైలు ఉంది కాబట్టి బతికిపోయాం. ఇప్పుడు ఏ దిద్దుబాటైనా ఆ ఫైల్లోనే. దాన్నుంచి మొత్తం ఇండెక్స్ మళ్ళీ కడితే కొన్ని సెకన్లే. అన్నీ దాచేస్తే పోలేదా అని పిల్లలు అడిగారు. మన 3,200కి ఫరవాలేదు. పెద్ద వాటికి మాత్రం ఆలోచించాలి. దాచిన విలువలు డిస్కు మీద దిమ్మలుగా కుదించి ఉంటాయి, ఒక్క ఫీల్డు కావాలన్నా ఆ దిమ్మ విప్పాల్సిందే. పేజీకి పది ఫలితాలు చూపిస్తే తెలియదు, వేల ఫలితాల మీద లూపు తిప్పితే తెలుస్తుంది. అందుకే సంవత్సరం వరసన పేర్చడానికి నేను ఆ ఒక్క ఫీల్డు విలువల్నే ఒక్కచోట ఉంచే న్యూమరిక్‌డాక్‌వాల్యూస్‌ఫీల్డ్ విడిగా పెట్టాను.

ఆదివారం మాస్టారు మళ్ళీ అట్లతద్ది అని కొట్టారట. బీరువా 7, మూడో అర. వెళ్ళి చూస్తే పుస్తకం అక్కడే ఉందట.