బూజు తుడవడం కంటే నీళ్లను వెతకడమే పెద్ద పని

మా స్కూల్లో బిల్డింగ్ మరమ్మతుల బాధ్యత ఏటా ఒక టీచర్ నెత్తిన పడుతుంది. ఆ ఏడాది నా వంతు. సెలవుల తర్వాత లైబ్రరీ తలుపు తీస్తే ముక్కవాసన గుప్పుమంది. గోడకు ఆనించిన బీరువాను ముందుకు లాగి చూస్తే వెనకంతా తేమకు పట్టే బూజు (ఫంగస్) నల్లటి చుక్కలుగా ఉంది, కింది అరలో పుస్తకాల అట్టల మీద బూడిదరంగు పొర.

"రెండు కోటింగులు కొట్టిస్తే పోతుంది కదండీ" అన్నారు హెడ్మాస్టర్ గారు. నేను ఒప్పుకోలేదు. తడి గోడ మీద వేసిన పెయింట్ పెచ్చులుగా ఊడుతుంది, కింద బూజు మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

చదివినవాటిలో నాకు బాగా పనికొచ్చింది అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2001లో స్కూళ్లు, వాణిజ్య భవనాల కోసం తెచ్చిన గైడ్. నీళ్లు వచ్చే దారి మూయకుండా బూజు తుడిచి లాభం లేదని అందులో మళ్లీ మళ్లీ చెప్పారు. తడిసినవాటిని 24 నుంచి 48 గంటల్లోపు ఆరబెడితే చాలావరకు బూజు పట్టదట. మచ్చ 10 చదరపు అడుగుల లోపుంటే గదిని మూసికట్టే ఏర్పాట్లు అక్కర్లేదు. గ్లవ్స్, కళ్లద్దాలు, ఎన్95 మాస్క్ ఉంటే చాలు.

మరి నీళ్లెక్కడివి? స్లాబ్ అని ఒకరు, ఏసీ అని ఒకరు. తేల్చింది మేస్త్రీ. గోడను పొడిగుడ్డతో తుడిచి, జానెడు పాలిథిన్ షీటు పెట్టి నాలుగు పక్కలా టేపు వేశాడు. "రెండ్రోజులాగి చూడండి సార్. షీటు మీద చెమర్చితే గదిలో తేమ, షీటు వెనక చెమర్చితే గోడలో తేమ" అన్నాడు. లైబ్రరీలో షీటు వెనక సన్నటి బొట్లు కనిపించాయి. బయటికెళ్లి చూస్తే సరిగ్గా అక్కడే వాననీటి పైపు జాయింటు ఊడి, గోడంతా పచ్చగా నాచు. కంప్యూటర్ ల్యాబ్ గోడకూ ఇలాగే షీటు అంటిస్తే, అక్కడ మాత్రం బొట్లు షీటు పైన ఉన్నాయి. ఏసీ మరీ చల్లగా పెట్టి, తలుపులు తెరిచి వదిలేయడంతో బయటి తేమగాలి చల్లటి గోడకు తగిలి నీరవుతోంది. అక్కడ ఎంత ప్లాస్టరింగ్ చేయించినా దండగే.

పైపు బాగుచేయించి, గోడ ఆరాక, పిల్లలు లేని రోజు శుభ్రం చేశాం. డిటర్జెంట్ నీళ్లతో తుడిచి వెంటనే పొడిగుడ్డతో ఒత్తడం, అంతే. బ్లీచింగ్ కొడదామని ఆయమ్మ ఒకటే పట్టు. చచ్చిన బూజు వల్ల కూడా ఎలర్జీ వస్తుంది, తుడిచి తీయక తప్పదని నచ్చజెప్పేసరికి తాతలు దిగొచ్చారు. ఫాల్స్ సీలింగ్‌లో బూజు పట్టిన పలకలను మాత్రం తుడవలేదు. అవి లోపలిదాకా నీళ్లు పీల్చేస్తాయి కాబట్టి కవర్లో మూటకట్టి పారేశాం.

ఏ రకం బూజో ల్యాబ్‌లో టెస్ట్ చేయించాలని కొందరు తల్లిదండ్రులు అడిగారు. వాళ్ల టెన్షన్ అర్థం చేసుకోదగ్గదే, పిల్లల్లో ఆస్తమా ఉన్నవాళ్లున్నారు. కానీ కంటికి కనిపిస్తున్నదాన్ని ఏ రకమైనా తీసేయాల్సిందే. ఆ డబ్బు పైపులకు పెడదామంటే చివరికి సరేనన్నారు.

ఇప్పుడు రెండు గదుల్లోనూ గాలిలో తేమ కొలిచే హైగ్రోమీటర్లున్నాయి. తేమ 60 శాతం దాటకూడదు, 30 నుంచి 50 మధ్య ఉంటే మరీ మంచిది. సెలవుల్లో వాచ్‌మన్ రీడింగు ఫొటో తీసి పంపుతాడు. మొదట్లో అంకె పెరిగితే చాలు, కిటికీలన్నీ బార్లా తెరిచేసేవాడు. ముసురు రోజుల్లో తెరిస్తే బయటి తేమంతా లోపలికే వస్తుంది కాబట్టి, అప్పుడు కిటికీలు మూసి ఏసీని డ్రై మోడ్‌లో నడపమని చెప్పాను.