సుద్ద పూసిన అభ్యర్థులు

మేం తొమ్మిదో తరగతిలో ఉండగా స్కూలు లీడరు ఎన్నికలు జరిగాయి. పోటీదారులు గది గదికీ తిరిగి జీళ్లు పంచుతున్న రోజులవి. మా ఇంగ్లీషు మాస్టారు ఒక రోజు పాఠం పక్కన పెట్టి, నల్లబల్ల మీద ‘క్యాండిడేట్’ అని ఒక్క మాట రాశారు. గంట కొట్టేదాకా మమ్మల్ని రోమ్ నగరంలోనే ఉంచారు.

లాటిన్‌లో ‘క్యాండిడుస్’ అంటే తళతళలాడే తెలుపు. దీని మూలధాతువుకు మన ‘చంద్ర’ శబ్దం దూరపు చుట్టమట. రోమన్ పౌరులు ఒంటికి చుట్టుకునే ఉన్ని వస్త్రం, టోగా, మామూలుగానే తెల్లన, అయితే ఆ తెలుపులో మెరుపు ఉండదు. పదవికి నిలబడినవాడు దానికి సుద్ద పట్టించి, ఎంత గుంపులో ఉన్నా కనబడేలా తయారయ్యేవాడు. అలా తెల్లబట్టలవాడు ‘క్యాండిడాటుస్’ అయ్యాడు. ఓట్ల కోసం బట్టలకు తెలుపు పూయరాదని క్రీ.పూ. 432లోనే చట్టం చేశారని చరిత్రకారుడు లివీ రాశాడు. చట్టం వచ్చింది, సుద్ద మాత్రం పోలేదు.

అలా ముస్తాబై ఓట్ల కోసం తిరగడానికీ ఓ పేరుంది. ‘అంబీరే’ అంటే చుట్టూ తిరగడం. ఓట్ల కోసం తిరిగితే ‘అంబిటియో’. ఇంగ్లీషు ‘యాంబిషన్’ అక్కడి నుంచి వచ్చిందే. డబ్బూ విందులూ వెంటబెట్టుకుని తిరిగితే ‘అంబిటుస్’, అది శిక్షపడే నేరం. అభ్యర్థి పక్కనే ఒక బానిస నడుస్తూ, ఎదురయ్యేవారి పేర్లు చెవిలో చెప్పేవాడు. ఆయనగారు వెంటనే పాత స్నేహితుడిలా చేయి పట్టుకుని పేరుపెట్టి పలకరించేవాడు. మాస్టారు ఈ ఘట్టాన్ని అభినయించే చూపారు. బానిస వేషం మా మానిటరుది. ఇంటిపేర్లన్నీ తారుమారు చేసి నవ్వించాడు.

అన్నిటికన్నా నాకు నచ్చింది రోమన్ నాయకుడూ వక్తా అయిన సిసిరో కథ. క్రీ.పూ. 63లో కాన్సుల్‌గా, అంటే రోమ్‌లో ఏటా ఎన్నికయ్యే ఇద్దరు అత్యున్నత అధికారుల్లో ఒకడిగా ఉండగా, ఓట్లు కొన్నవారికి పదేళ్ల బహిష్కారం విధించే చట్టం తెచ్చాడాయన. అదే ఏడాది ఎన్నికలో గెలిచిన మురేనా మీద ఆ నేరమే మోపితే, అతని తరఫున నిలబడి వాదించింది మళ్లీ సిసిరోయే. మురేనా నిర్దోషిగా బయటపడ్డాడు.

“మరి జీళ్లు పంచినవాళ్లను ఏం చేయాలి సార్?” అని వెనక బెంచీ నుంచి ప్రశ్న వచ్చింది.

“జీళ్లు తిన్నవాళ్లు ముందు లేచి నిలబడండి, తరువాత చెబుతాను” అన్నారు మాస్టారు. ఎవరూ లేవలేదు.

మర్నాడు పోటీదారుల్లో ఒకరు చొక్కా నిండా సుద్దపొడి రాసుకుని ప్రచారానికి వచ్చారు. ఓడిపోయారు కూడా. ఈసారి మా పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి వస్తానన్నారు కనుక పేరు రాయడం లేదు.