ఒక గదిలో లైటు తగ్గి, ఇంకో గదిలో పెరిగితే న్యూట్రల్ చూడండి

హాల్లో ఏసీ వెయ్యగానే అక్కడి లైటు మసకబారింది, వంటింట్లో బల్బు మాత్రం భగ్గుమంది. లోడు ఎక్కువైతే వోల్టేజీ తగ్గుతుంది గానీ ఇంకోచోట ఇలా పెరగదు. త్రీఫేజు సర్వీసులో, అంటే మూడు ఫేజు తీగలూ వాటన్నిటికీ ఉమ్మడిగా కరెంటు తిరిగెళ్లే న్యూట్రల్ తీగా వచ్చే కనెక్షన్లో, ఇది కనిపిస్తే ఆ న్యూట్రల్ వదులైనట్టే. రాజోలు దగ్గర మా ఇంట్లో వచ్చింది అదే.

ముందు ఫ్రిజ్, టీవీ ప్లగ్గులు పీకేశాను. మెయిన్ స్విచ్ ఇన్‌కమింగ్ వైపు (బయటి నుంచి కరెంటు వచ్చే వైపు) మల్టీమీటరు పెడితే న్యూట్రల్‌కీ మూడు ఫేజులకీ మధ్య 177, 283, 253 వోల్టులు. ఏసీ ఉన్న ఫేజే 177. ఫేజుకీ ఫేజుకీ మధ్య మాత్రం మూడు జతల్లోనూ 405, అంటే ఫేజులు బాగానే ఉన్నాయి. ఎర్తుతో కొలిస్తే మూడూ 234 దగ్గరే. న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య 61! బాగున్న ఇంట్లో అది రెండు మూడు వోల్టులు దాటదు.

న్యూట్రల్ జారితే రెండు ఫేజుల మీది సామాన్లు సిరీస్‌లో పడి ఆ 400 వోల్టులూ పంచుకుంటాయి. లోడు ఎక్కువున్న వైపు తక్కువ, తక్కువున్న వైపు ఎక్కువ. అందుకే ముందు కాలేవి ఎల్‌ఈడీ బల్బులు, సెట్‌టాప్ బాక్సు అడాప్టర్లు. ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) చూసేది కరెంటునే, వోల్టేజీని కాదు, అందుకని పడదు. 270 దాటితే కట్ చేసే ఓవర్ వోల్టేజీ ప్రొటెక్టరు విడిగా పెట్టుకోవాలి.

“న్యూట్రల్‌ని ఎర్తుకి కలిపెయ్యండి, సరిపోద్ది” అని చెప్పేవాళ్లుంటారు. ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఎర్తు గుంట ఆ కరెంటుని మొయ్యలేదు, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, మోటారు బాడీలన్నీ షాకు కొడతాయి.

ఇన్‌కమింగ్‌లోనే తేడా కాబట్టి ఇంటి లోపలి వైరింగు కాదు. పక్కిళ్లలో బాగానే ఉంది, కాబట్టి ట్రాన్స్‌ఫార్మరూ కాదు. మిగిలింది మీటరు, సర్వీసు వైరు, స్తంభం మీది జాయింటు. మీటరు సీలు మనం ముట్టుకోకూడదు. మెయిన్ ఆపేసి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేశాను.

లైన్‌మ్యాన్ గారు సప్లై ఆపి స్తంభమెక్కితే దొరికింది: అల్యూమినియం న్యూట్రల్‌ని ఉత్తినే మెలిపెట్టి చుట్టిన జాయింటు. తెల్లటి పొడి పేరుకుంది, మధ్యలో నల్లగా మాడిపోయింది, రెండు పోగులే ఆనుకుని ఉన్నాయి. మన కోనసీమ ఉప్పుగాలి అల్యూమినియం జాయింటుని తొందరగా తినేస్తుంది. దానికి తోడు కొబ్బరి మట్టలు తగిలి వైరు ఊగుతూనే ఉంటుంది. మాడిన ముక్క కోసేసి, తీగ మెరిసేదాకా రుద్ది, రెండు పీజీ క్లాంపులు (రెండు తీగల్ని పక్కపక్కన పెట్టి బోల్టులతో నొక్కి పట్టేవి) బిగించారు.

ఏసీ వేసి మళ్లీ కొలిచాను: 231, 235, 234. న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య ఒకటిన్నర. ఫ్రిజ్ ప్లగ్గు అప్పుడు పెట్టాను.